పసుపు తాడు, పంపుసెట్టు తొట్టి

జనవరి 5, ఆదివారం

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది అరవం, నాకు తెలుగు అక్షరాలు రావు. తమిళ అక్షరాలు పెట్టి తెలుగు రాసుకుంటా ఉండాను. ఇది ఎవరి చేతికి చిక్కినా అర పేజీ చదివి తల పట్టుకోవాల. మంచిదే.

ఇంక సంగతికి వస్తాను. నేను యేసయ్యను నమ్మినాను. నలభై ఎనిమిదో ఏట! ఈ మాట మా ఆయనకు చెప్తిని. మా అత్తకు చెప్పలేదు. అత్త చెల్లమ్మాళ్‌కు ఎనభై ఏండ్లు, చెవులకు మాత్రం ఇరవై ఏండ్లే. అందుకే ఈ నోటును ఉద్దిపప్పు మూట కింద దాచి పెడతా ఉండాను.

నమ్మడం ఒక్క నిమిషంలో అయిపోయింది. యేసయ్య గుడి, అదే కోయిలు, వెతకడమే తెగేటట్ల లేదు. జ్ఞానస్నానం తీసుకోవాలంటే ఏదో ఒక సబలో చేరాల. సింగానల్లూరు నుంచి గాంధీపురం పోయే బస్సు కిటికీలోంచి లెక్క పెడితే పదకొండు బోర్డులు. అన్నిట్లోనూ ఒకే యేసయ్య. ఒకచోట తల మీద నీళ్ళు చల్లుతారంట, ఒకచోట నిలువునా ముంచుతారంట. ఒకచోట మోకాళ్ళు, ఒకచోట చప్పట్లు. అయ్యో సామీ, నువ్వు ఎక్కడ ఉండావో ఒక అడ్రసు చెప్పకూడదా!

"ఏమండి, నేను ఒక్కొక్క కోయిలుగా పోయి చూసి వస్తాను" అంటిని ఆయనతో. "సరి" అన్నాడు. టీవీలో క్రికెట్టు చూస్తా ఉండాడు. ఆయనకు ఇదంతా ఏం పట్టదు.

జనవరి 7

అసలు రాయాల్సింది రాయలేదు.

పోయిన సెప్టెంబరులో ఆయనకు గుండె పట్టుకున్న దినం. పెద్దాసుపత్రి వరండాలో స్ట్రెచరు మీద పండుకోబెట్టినారు. డాక్టరు కోసం చూస్తా నేను ఒక్కదాన్నే పక్కన బెంచీ మీద కూర్చొని ఉంటిని. కూతురు దర్శిని చెన్నై నుంచి ఇంకా బస్సులో వస్తా ఉండింది. అప్పుడు మా వీధి ఊడ్చే సెల్లాయి, డ్యూటీ కోటు కూడా విప్పకుండా వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది. పదహారేండ్లుగా మా వీధి ఊడుస్తా ఉండాది. ఆమెతో ఎప్పుడు మాట్లాడినా అరవంలోనే మాట్లాడింది నేను.

ఆ దినం ఆమె కండ్లు మూసుకొని తెలుగులో మాట్లాడింది. మా ఇంటి తెలుగు! మా అమ్మ మాట్లాడిన తెలుగు! "నాయనా, ఈయన్ని వదిలెయ్యి నాయనా. నీకు అక్కడ పనికి ఎవరూ లేరా? ఉండారు కదా. ఈ బిడ్డకు ఈయన ఒక్కడే." ఎదురుగా ఉండే మనిషిని నిలదీసినట్ల అడిగింది.

నేను నోరు తెరుచుకొని చూస్తిని. "మీరు తెలుగా?" అంటిని. "మీరూనా అమ్మిణి?" అనింది. పదహారేండ్లు! ఇద్దరు తెలుగువాండ్లు ఒక వాకిట్లో నిలబడి ఒకరితో ఒకరు అరవం మాట్లాడుకున్నాము.

ఆయనకు రెండు స్టెంట్లు పెట్టినారు. బతికినాడు. ఆ రోజు ఆ వరండాలో నాకు ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. చాలా పెద్దవాడెవరో వచ్చి, రవ్వంత జరుగు తల్లీ అని, నా బెంచీ మీదనే నా పక్కన కూర్చున్నట్ల ఉండింది. ఆ పక్క ఇప్పటి దాకా ఖాళీ కాలేదు. ఇంతే నా నమ్మకం. ఇంతకంటే నాకేం తెలియదు.

జనవరి 8

ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే గ్రైండరు బెల్టు తెగింది. అరవై మందికి మావు లేదని చెప్పి పంపించినాను. జెబం చెయ్యలేదు.

జనవరి 12, ఆదివారం

మా దగ్గర ఇడ్లీ మావు కొనే తేన్మొళి టీచరు వాళ్ళ సి.ఎస్.ఐ. కోయిలుకు పిలుచుకొని పోయింది. రాతి గోడలు, పొడుగు కిటికీలు. పట్టుచీర కట్టుకోమంటే కట్టుకున్నాను. బెంచీలు ఎంత నున్నగా ఉండాయంటే జారి పడతానేమోనని రెండు చేతులా పట్టుకొని కూర్చుంటిని.

పాటలు బాగుండాయి. అది కాదు సంగతి. నడుమలో అందరూ మోకాళ్ళేసినారు. మా ఆయన వ్యాను తోలే మిల్లు మేనేజరు కూడా ఉండాడు. కాలేజీ ప్రొఫెసర్లు, డాక్టర్లు, బంగారు వాచీల వాండ్లు. అందరూ ఒక్క గొంతుతో "మేము తప్పు చేసినాము" అంటా ఉండారు. గొణుక్కోవడం కాదు, గట్టిగా! మా సొంతంలో, అయినవాండ్లలో, పోయినేడు తోట పంచుకున్నప్పుడు ఏడు మంది అన్నదమ్ముల్లో ఒక్కడి నోటి నుంచి కూడా ఈ మాట రాలేదు. పోలీసు వచ్చినా రాలేదు. ఇక్కడ నాలుగు వందల మంది పిలవని పేరంటంగా మోకాళ్ళేసి చెప్తా ఉండారే! ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడినాయి. ఏడిస్తిని. టీచరు రుమాలు ఇచ్చింది.

ఇదే నా కోయిలు. అయిపోయింది.

బయటికి వస్తే ఆయన టీవీఎస్ మీద కూర్చొని వేరుసెనక్కాయలు తింటా ఉండాడు. "ఏమి ఈడ?" అంటిని. "ఇట్లా వచ్చినా, పనుండి" అన్నాడు. ఆదివారం పొద్దున ఈయనకు అక్కడ ఏం పని?

జనవరి 23, గురువారం

అయిపోలేదు.

మార్కెట్టుకు పోయి వస్తా, మధ్యాహ్నం ఎండకు తాళలేక మేరీ మాతా కోయిలు లోపలికి పోయి నిలబడితిని. ఒక్క మనిషి లేడు. ఒక ముసలాయన నేల తుడుస్తా ఉండాడు. ముందర చిన్న ఎర్ర దీపం వెలుగుతా ఉండింది. ఇదేమి అని అడిగితిని. "అది వెలిగితే ఆండవర్, ఆ దేవుడు, లోపల ఉండాడని అర్థమమ్మా" అన్నాడు. అంత మామూలుగా! "సారు ఆఫీసులో ఉండారు" అన్నట్ల చెప్పి, మళ్ళా తుడిచే పనికి పోయినాడు.

నేను కింద కూర్చుంటిని. ఆ చిన్న దీపం, ఆ పెద్ద నిశ్శబ్దం. ఎవరూ లేనప్పుడు కూడా ఆయన ఉండాడంటే, ఎవరి కోసం ఉండాడు? నేను ఈ దినం వస్తానని కూర్చున్నాడా? లేచేదానికి మనసు రాలేదు.

ఇంటికి వచ్చి చూస్తే నాలుగు గంటలు. నానబెట్టిన ఉద్దిపప్పు పులిసి నురుగు కక్కింది. అత్త తిట్టిన తిట్లు ఈ నోటులో పట్టవు.

అక్కడి ఫాదరును అడిగినాను. ఒక ఏడాది పాఠం నేర్చుకోవాలంట. "తొందర లేదమ్మా, ఆయన రెండు వేల ఏండ్లుగా ఉండాడు, ఎక్కడికీ పోడు" అని నవ్వినాడు. మంచి మనిషి.

ఇప్పుడు రెండు కోయిళ్ళు నావే. నాకేమైనా పిచ్చా? పోయిన చోటల్లా ఒళ్ళు పులకరిస్తే ఎట్లా ఎంచుకునేది?

ఫిబ్రవరి 2, ఆదివారం

సెల్లాయి వాండ్ల సబకు పిలిచింది. పోలేదు. దూరం. ఎండ వేరే.

ఫిబ్రవరి 3

దూరం అని రాసినాను. మా వీధి దాటి రెండు వీధులు, కార్పొరేషన్ కాలనీలో. మావు సంచి మోసుకొని నేను దానికంటే దూరం పోతాను.

ఈ నోటులో కూడా అబద్ధం రాస్తే ఇంక ఎక్కడ నిజం చెప్పేది?

ఫిబ్రవరి 4

ఈ పొద్దు సెల్లాయి మావుకు వచ్చింది. ఎప్పటి మాదిరే మెట్టు కింద నిలబడి గిన్నె చాచింది. నేను గరిట ఎత్తి, గిన్నెకు తగలకుండా జానెడు పైనుంచి పోస్తిని. పోసినాక నా చెయ్యి నాకే కనిపించింది. మిగతా అందరి గిన్నెలు అరుగు మీదకు తీసుకొని పోస్తాను. ఈమెకు మాత్రం ఆ చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. ఎవరూ నేర్పలేదు. పదహారేండ్లుగా ఒక చుక్క కూడా కింద పడకుండా పోస్తా ఉండాను. ఎంత అలవాటు ఉంటే ఆ గురి వస్తుంది!

సిగ్గుతో చచ్చిపోతిని. ఆమె "వస్తాను అమ్మిణి" అని పోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పోతిని.

సిమెంటు రేకుల షెడ్డు, కింద చాపలు. పాస్టరు యేసుదాస్. మిగిలిన దినాల్లో ప్లంబరు పని చేస్తాడు, మా ఇంటి పైపు కూడా ఒకసారి సరి చేసినాడు. అరవై మంది ఉండారు. ఆడవాండ్లందరూ తెల్లచీరలు. ఎవరి మెడలోనూ ఏమీ లేదు. రేకుల వేడికి తీసి పెట్టి వచ్చినారేమో.

పాటలు అరవంలోనే. తరువాత పాస్టరు "జెబం చేద్దాం" అన్నాడు. అంతే, అరవై మందీ ఒకేసారి నోరు తెరిచినారు. తెలుగు! షెడ్డంతా తెలుగు! "నాయనా, నిన్న చెప్పినా కదా, మరిచిపోతివా?" "నాయనా, నా కొడుకు తాగి వస్తా ఉండాడు, వాని కాళ్ళు విరగ్గొట్టొద్దు, మనసు విరగ్గొట్టు." "నాయనా, ఈ వారం మోకాలి నొప్పి లేదు, నీకు మంచి పుణ్యం ఉంటుంది." దేవుడికే పుణ్యం ఇస్తా ఉండాది ఒక అవ్వ!

సామి దగ్గర సంస్కృతం విన్నాను, మంచి అరవం విన్నాను. నేను గ్రైండరును తిట్టే తెలుగు, బిడ్డకు పాలిస్తా మాట్లాడిన తెలుగు, ఆ తెలుగు దేవుడికి అర్థం అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. కొంతసేపు వింటా ఉంటిని. తరువాత నా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఏం మాట్లాడినానో రాయను. చాలా సేపు మాట్లాడినాను. కండ్లు తెరిస్తే చాప తడిసి ఉండింది.

మిగిలిన రెండు చోట్లా నేను విన్నాను. ఇక్కడ నేను మాట్లాడినాను.

కాలనీ మొదట్లో వాటర్ ట్యాంకు కింద ఆయన టీవీఎస్. ఈసారి నేనేం అడగలేదు.

ఫిబ్రవరి 11

సెల్లాయి గిన్నెను నా చేతిలోకి తీసుకొని, అరుగు మీద పెట్టి, నింపి, తుడిచి ఇస్తిని. ఆమె నా చెయ్యినే చూస్తా ఉండింది. లోపల నుంచి అత్త దగ్గింది.

ఫిబ్రవరి 20

ఆ ఆడవాండ్లు మెడలోవి వేడికి తీసి పెట్టింది కాదు.

పాస్టరయ్యను అడిగితిని, "జ్ఞానస్నానం ఇస్తారా" అని. ఆయన మొహం వెలిగిపోయింది. తరువాత తల దించుకొని చెప్పినాడు. ఆ సబలో నగలు ఉండకూడదు. కమ్మలు, గాజులు, పూలు, ఏమీ. "తాలి?" అంటిని. "తాలి కూడా అక్కా. తొట్టిలో దిగేటప్పుడు మెడలో ఏమీ ఉండకూడదు. మా పెద్దవాండ్ల నుంచి వచ్చిన ముర, ఆచారం. మిగిలిన సబలు వేరే మాదిరి చెప్తాయి, వాండ్లను నేను తప్పు అనను. నేను మాత్రం మార్చలేను. మీరు ఇంట్లో అడిగి, నెమ్మదిగా చెప్పండి. చెప్పకపోయినా జెబానికి రండి."

గట్టిగా చెప్పి ఉంటే పోట్లాడి వచ్చేసేదాన్ని. అంత మెత్తగా చెప్పినాడు.

ఫిబ్రవరి 21

సి.ఎస్.ఐ. కోయిలే మంచిది. ఫ్యాన్లు ఉండాయి. బస్సు ఉండాది. టీచరు ఉండాది. నాకు మోకాలి నొప్పి, చాప మీద కూర్చోలేను. అక్కడ తాలి గురించి ఎవరూ అడగరు. దానికోసం కాదు, ఊరికే రాసినాను.

మార్చి 5

అత్తకు తెలిసిపోయింది. ఎవరో చెప్పినారు. నడి ఇంట్లో నిలబడి అరిచింది, "యేసు అంటావు, సరి. మేరీ అంటావు, సరి. ఇంట్లో ఒక మూల వాండ్లకూ దీపం పెడతాను, నాకేం పోయింది? మొగుడు బతికుండంగా తాలి తీసేదేమిటే! వాని గుండెలో రెండు స్ప్రింగులు పెట్టి ఉండారు. ఆ స్ప్రింగులు దేన్ని పట్టుకొని ఉండాయి అనుకుంటివి?"

"నేనేం తీయనత్తా, సి.ఎస్.ఐ. కోయిలుకే పోతాను" అంటిని.

"తీస్తే నా శవం మీద తియ్యి" అనింది. మళ్ళా గబగబా నోరు మూసుకొని, "కాదు, ఆ మాట వద్దు" అని నేలను ముట్టి చేతిని కండ్లకు అద్దుకుంది. పాపం. ముసలిదానికి భయం. అత్త కోసమే నేను వెనక్కి తగ్గింది. నాకేం భయం లేదు.

మార్చి 16, ఆదివారం

సి.ఎస్.ఐ. ఫారం నింపినాను. పేరు సౌందరం, భర్త పేరు నందకుమార్, తొళిల్, అంటే పని, ఇడ్లీ మావు. సంతకం ఇంకా పెట్టలేదు. పెన్ను సరిగ్గా రాయలేదు.

మార్చి 19

ఇది ఎవరికీ తెలియకూడదు.

ఆడి నెలలో, అదే ఆషాఢంలో, తాలి తాడు మార్చేటప్పుడు, కొత్త తాడు మెడలో కట్టినాకనే పాతది తీస్తాము. మా అమ్మ అట్లే చేసింది, వాళ్ళమ్మ అట్లే చేసింది. ఇరవై ఆరేండ్లలో నా మెడ ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేదు. ఈ మధ్యాహ్నం అత్త నిద్రపోయినాక, స్నానాల గది గడియ పెట్టుకొని, చూద్దాం అని తీస్తిని. బకెట్టు అంచు మీద పెడితిని. యేసయ్యా, యేసయ్యా అంటా పది దాకా లెక్క పెడదాం అనుకుంటిని. నాలుగు వచ్చేసరికి గబుక్కున మెడలో వేసుకొని, తడి చేతులతోనే ఆయనకు ఫోను చేస్తిని. ఆయన మిల్లు వ్యాను తోలుతాడు, ఆ టయానికి పొల్లాచ్చి రోడ్డులో ఉంటాడు. రెండు రింగులు. మూడు. నాలుగు.

"ఏమి?" అన్నాడు.

"ఏం లేదు. పప్పు ఉండాదా అని" అంటిని.

"పప్పా? వ్యానులోనా?"

"సరి సరి, పెట్టేస్తాను."

పెట్టేసి నేల మీద కూర్చొని ఏడిస్తిని. అత్తకు భయం అని రాసినాను కదా. అత్తకు కాదు, నాకే. ఆయన్ని బతికించింది యేసయ్య అని ఊరంతా చెప్తా ఉండాను. లోపల మాత్రం ఆయన ప్రాణం ఈ తాట్లోనే ఉండాదని నమ్ముతా ఉండాను. మింగలేను, కక్కలేను.

భయపడి సి.ఎస్.ఐ.కి పోతే ఆ కోయిలుకు కూడా అది మర్యాద కాదు. అంత మంది నిజం చెప్పే చోట నేను అబద్ధంగా మోకాళ్ళేయాల.

మార్చి 20

ఫారం చించలేదు. సంతకమూ పెట్టలేదు.

మార్చి 30, ఆదివారం

ఎక్కడికీ పోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ పొద్దు కూడా ఎక్కడికీ పోకుండా బియ్యం కడుగుతా ఉంటిని. ఆయన వచ్చి పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. "ఏమే, రెండు వారాలుగా నాకు వేరుసెనక్కాయలు లేవు" అన్నాడు.

నేను బియ్యం నీళ్ళు వంచితిని.

"మూడు చోట్లకూ పోయి వస్తివి. ఎక్కడ ఎక్కువ ఏడిస్తివి?"

"ఏడుపును తూకం వేస్తారా?" అంటిని.

"సరి, ఎక్కడికి పోవాలని ఉండాది?"

"కాలనీకి" అంటిని. అని, ఇంక ఆపలేక అన్నీ చెప్తిని. పాస్టరు మాట, బకెట్టు, పప్పు, అన్నీ. నవ్వుతాడనుకుంటిని. నవ్వలేదు.

"ఆ దినం స్ట్రెచరు మీద నాకు స్పృహ ఉండింది సౌందరం" అన్నాడు. "మీరంతా లేదనుకుంటిరి. ఆమె మాట్లాడింది నేను విన్నాను. నీకు అక్కడ పనికి ఎవరూ లేరా అని అడిగింది చూడు, ఆ నొప్పిలో నాకు నవ్వు వచ్చింది. నవ్వు రాంగానే భయం పోయింది. చస్తే చస్తాను, బతికితే బతుకుతాను అనిపించింది. నాకు నీ మాదిరి నమ్మకం లేదు. నేను పళని మురుగుడి కొండ ఎక్కేవాన్ని, ఎక్కుతానే ఉంటాను. కానీ నువ్వు పోయేదైతే ఆమె మాట్లాడే చోటికే పో."

"తాలి?"

"నేను కట్టినాను. నేనే తీస్తాను."

"మీకేమైనా అయితే?"

"అయ్యేది అయితే తాలి ఉన్నప్పుడే అయింది కదే, పోయిన సెప్టెంబరులో!"

ఈ మాట ఏడు నెలలుగా నా బుర్రకు తట్టలేదు. కడిగిన బియ్యాన్నే మళ్ళా కడిగినాను.

ఆయనకు ఏం పట్టదు అని రాసినాను కదా, ఆ పేజీ తిప్పి చూడాలన్నా సిగ్గు.

ఏప్రిల్ 7

అత్తకు ఆయనే చెప్పినాడు. తలుపు మూసుకొని ఒక గంట మాట్లాడుకున్నారు. అత్త బయటికి వచ్చి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తినింది.

ఏప్రిల్ 18, శుక్రవారం, గుడ్ ఫ్రైడే

మూడు కోయిళ్ళ ముందర నుంచీ నడిచి పోతిని. మూడింట్లోనూ నల్లబట్టల్లో, తెల్లబట్టల్లో జనం. మూడు చోట్లా నిలబడి చెయ్యెత్తి మొక్కినాను. తేన్మొళి టీచరుకు చెప్తిని. రవ్వంత మొహం చిన్నది చేసుకొని, తరువాత నా చెయ్యి పట్టుకొని, "సంతోసం" అనింది.

ఏప్రిల్ 27, ఆదివారం

పండుకోక ముందే అంతా రాసేయాల, లేకుంటే మర్చిపోతాను. మర్చిపోతానా?

పొద్దున అయిదున్నరకు తల స్నానం చేసి తెల్లచీర కట్టుకొని నిలబడితిని. కమ్మలు, గాజులు నేనే తీస్తిని. ఆయన నా వెనక నిలబడినాడు. ముడి బిగుసుకొని రాలేదు. "కండ్లు మూసుకో" అన్నాడు. మూసుకుంటిని. మెడ మీద దారం జరిగింది, తరువాత ఏం లేదు. ఎంత తేలిక! ఎంత భయం! కండ్లు తెరిచేసరికి ఆయన గదిలో లేడు, బయట టీవీఎస్ స్టార్టు చేస్తా ఉండాడు. ఆదివారం షిఫ్టు, మిల్లుకు పోయి వ్యాను తీయాల. అత్త వాకిట్లో కూర్చొని అటు తిరిగి ఉండాది.

సబ వాండ్లతో టెంపోలో పొల్లాచ్చి దగ్గర ఒక కొబ్బరి తోటకు పోతిని. పంపుసెట్టు రూము పక్కన సిమెంటు తొట్టి, రొమ్ముల లోతు. మోటారు నడుస్తా ఉండాది, లావు పైపులోంచి నీళ్ళు దూకుతా ఉండాయి. మేము అయిదు మంది. నేను నాలుగోదాన్ని. పాస్టరయ్య నా మెడ వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకొని, "ధైర్యమా అక్కా?" అన్నాడు. "లేదు పాస్టరయ్యా, అయినా దిగుతాను" అంటిని.

నీళ్ళు ఎముకల దాకా చల్లన. వెనక్కి వంచి ముంచినాడు. మునగంగానే మోటారు శబ్దం, పాట, అన్నీ ఆగిపోయినాయి. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణంలో, ఆ వరండా బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాడు నన్ను పూర్తిగా పట్టుకొని ఉండాడని తెలిసింది. ఎంత పెద్దవాడంటే, చెప్పేదానికి నా దగ్గర మాట లేదు. ఈ లోకానికి అటు అంచు ఇటు అంచు ఆయనే, అయినా ఒక ఇడ్లీ మావు ఆడదాని కోసం ఒక తొట్టిలో దిగి ఉండాడు. పైకి లేస్తే కొబ్బరి మట్టల నడుమ ఆకాశం. అంత నీలం ఎప్పుడూ చూడలేదు. సెల్లాయి తువ్వాలు కప్పి, "అక్కా" అనింది. మొదటిసారి, అమ్మిణి అనకుండా.

పదకొండుకు ఇంటికి వస్తిని. అప్పటి నుంచి భయం మొదలైంది. ఏం, ఆ భయం నీళ్ళల్లో పోలేదా అని అడిగితే, పోలేదు. పూజ గూట్లో చూస్తిని, తాలి లేదు. బీరువాలో లేదు. బియ్యం డబ్బాలో కూడా చూస్తిని. "అత్తా, ఎక్కడ పెట్టినాడు?" అంటే, "నన్ను అడుగుతావా?" అనింది. రెండు గంటలకు ఫోను చేస్తిని, ఎత్తలేదు. మూడుకు, ఎత్తలేదు. నాలుగుకు స్విచ్చాఫ్. అయిదుకు వచ్చేవాడు రాలేదు. అత్తా నేనూ వాకిట్లో చెరొక పక్క కూర్చుంటిమి. ఆమె మురుగా అంటా ఉండింది, నేను యేసయ్యా అంటా ఉంటిని. ఇద్దరమూ ఒక మనిషినే అడుగుతా ఉంటిమి. "నాయనా, నేను నమ్మినాను, నమ్మలేదు కూడా. రెండూ చూసుకో" అంటిని.

ఆరున్నరకు టీవీఎస్ శబ్దం.

"కిణత్తుక్కడవు దగ్గర వ్యాను టైరు పంక్చరు, ఫోనులో చార్జు లేదు" అంటా లోపలికి వచ్చినాడు. రోజూ వచ్చే మాదిరే. చొక్కా మీద గ్రీసు. నేరుగా పెరట్లో కొళాయి దగ్గరికి పోయి చొక్కా విప్పినాడు.

ఆయన మెడలో నా తాలి ఉండాది.

పసుపు తాడు, రెండు బొట్లు, పగడం, అన్నీ. నెరిసిన రొమ్ము వెంట్రుకల నడుమ వేలాడతా ఉండాది. పొద్దున నా మెడ నుంచి తీసి, నేరుగా తన మెడలో వేసుకొని, చొక్కా గుండీలు పెట్టుకొని, పొల్లాచ్చి దాకా వ్యాను తోలి వచ్చినాడు.

"ఏమండి, ఇదేమి!" అంటిని.

"నీ మెడలో ఉండకూడదని మీ పాస్టరు చెప్పినాడు. ఖాళీగా ఉండకూడదని మీ అత్త చెప్పింది. నా మెడ గురించి ఎవరూ ఏం చెప్పలేదే" అన్నాడు. "ఇద్దరిలో ఎవరి మెడలో ఉంటే ఏమి?"

అత్త తలుపు దగ్గర నిలబడి కొడుకును పైనుంచి కిందికి చూసింది. కూలబడిపోతుందేమో అనుకుంటిని. "చెమటకు పసుపు వెలిసిపోయింది. రేపు పొద్దున రవ్వంత పూసుకో" అని చెప్పి లోపలికి పోయింది.

ఆ తడి రాయి మీదనే మోకాళ్ళేసుకొని కూర్చుంటిని. "యేసయ్యా" అంటిని. తల ఎత్తి ఆయన్ని చూసేదానికి కూడా ధైర్యం రాలేదు.

ఆయన ఒంటి నిండా నీళ్ళు కారుతా నిలబడి, "సబ ఈడ పెట్టినావా ఏమి? లేయే, ఆకలిగా ఉండాది" అన్నాడు.